ముందు వాళ్ల గది కొలవండి

భోగి ముందు వారం మన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోకి ఒకసారి దిగి చూడండి. కాలు విరిగిన డైనింగ్ కుర్చీ, డబ్బా కంప్యూటర్ల కాలం నాటి టేబులు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఎవరికీ పట్టని ఊయల, కొత్త సోఫా రాగానే కిందికి దిగిన పాత దివాన్ కాట్, అన్నీ దుమ్ము కొట్టుకుని ఉంటాయి. కొన్ని భోగి మంటలోకి పోతాయి. కొన్ని పాత సామాన్లవాడి బండి ఎక్కుతాయి. మిగతావి మళ్లీ వచ్చే భోగి దాకా అక్కడే. ఒకప్పుడు మంటలో వేసింది ఉత్త కర్ర. ఇప్పుడు మన ఇళ్లలోంచి వచ్చేది ఎక్కువగా ప్లైవుడ్డు, నోవాపాన్, సన్‌మైకా, వాటిని అంటిపెట్టిన జిగురు, పైన పాలిష్. అవి కాలితే వచ్చే పొగను చుట్టూ నిలబడ్డ పిల్లలే పీలుస్తారు. భోగికి పిడకలు, ఎండు కట్టెలు చాలు.

వీటిని కాల్చకుండా, తూకానికి వేయకుండా, అవసరమున్న ఇంకో ఇంటికి చేర్చడం ఎలాగన్నదే ఈ అధ్యాయం. ఒక్కరి మంచితనంతో అయ్యే పని కాదిది. నలుగురు పూనుకోవాలి, తాళం వేసుకోగలిగే ఒక గది కావాలి, అంతకంటే ముఖ్యంగా కొన్ని కట్టుబాట్లు కావాలి. మా కాలనీలో ఈ పని నడుపుతూ నేర్చుకున్నవీ, ఇతర చోట్ల ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్ల పద్ధతులు చూసి తెలుసుకున్నవీ ఇక్కడ చెబుతాను.

మంచం, కుర్చీ, బల్ల అంత పెద్ద విషయాలా అని మీకు అనిపించవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సిబ్బంది ఇంటింటికీ వెళ్లి అడిగే ప్రశ్నల్లో ఇవి ఉంటాయి: పరుపు ఉందా, ప్రెషర్ కుక్కర్ ఉందా, కుర్చీ ఉందా, మంచం ఉందా, బల్ల ఉందా, ఫ్యాను ఉందా. ఇంటి తాహతును అంచనా కట్టే లెక్కలో ఈ జవాబులు చేరతాయి. అధికారుల లెక్కను పక్కన పెట్టి, రేకుల గదిలో ఉంటున్న మనిషి వైపు నుంచి చూడండి. వానాకాలంలో నేల చెమ్మగిల్లుతుంది, చాప అడుగు తడిసిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న ముసలావిడ నేల మీంచి లేవాలంటే ఎవరో చెయ్యి అందించాలి. ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పిల్లల టీసీ ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి దూలానికి వేలాడదీస్తారు, ఎలుకలకు అందకుండా. పిల్లవాడి బడి టీచరు ఇంటికొస్తే కూర్చోబెట్టడానికి పక్కింటి స్టూలు తేవాలి. ఆ చిన్నతనం తల్లి ముఖంలో కనిపిస్తుంది.

సొంతిల్లు వచ్చిన కుటుంబాల సంగతి ఇంకోలా ఉంటుంది. తెలంగాణలో ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇల్లంటే 560 చదరపు అడుగులు. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన కాలనీ ఒక్కదానిలోనే అలాంటివి 15,660 కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల లెక్కన కట్టారు. బస్తీలోని ఒంటి గది వదిలి ఇలాంటి ఇంటికి మారే కుటుంబం వెంట వచ్చేవి నాలుగు గిన్నెలు, ఒక ట్రంకు పెట్టె, గ్యాస్ స్టవ్వు. హాలుంది, పడకగది ఉంది, వాటిలో వేసుకోవడానికి ఏమీ లేదు. వాయిదాల కొట్టువాడు ఆ కాలనీ గేటు దగ్గరికి మనకంటే ముందే చేరుకుంటాడు. వారానికింత అని మొదలైన మంచం బాకీ ఏళ్లు నడుస్తుంది. మీ సెల్లార్లోని దివాన్ కాట్ ఆ బాకీని ఆపగలదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ మాట చెప్పగానే చాలామంది అంటారు, "దీనికి సంఘం ఎందుకండీ, మా పనమ్మాయికి ఇచ్చేస్తే సరిపోతుంది కదా" అని. నేను దీన్ని గట్టిగా కాదంటాను. మీ ఇంట్లో పనిచేసే మనిషి మీరు ఇచ్చినదాన్ని వద్దనలేదు. ఆవిడ గదిలో పట్టకపోయినా, ఆటోకి చేతి డబ్బులు వదిలినా, చెక్కలో పురుగు కనిపించినా, "చాలా బాగుందమ్మా" అనే అంటుంది. వద్దంటే మీరు నొచ్చుకుంటారేమో, రేపు అడ్వాన్సు అడిగితే ఇవ్వరేమో అన్న భయం ఆవిడది. దసరా బోనస్ ఇవ్వాల్సిన నెలలో పాత సోఫా ఇచ్చి సరిపెట్టిన ఇళ్లు నాకు తెలుసు. ఇచ్చినావిడకు అది దానం. పుచ్చుకున్నావిడకు జీతంలో కోత. మధ్యలో ఒక సంఘం ఉంటే ఇచ్చినవాళ్లెవరో తీసుకునేవాళ్లకు తెలియనక్కర్లేదు, తీసుకున్నదెవరో ఇచ్చినవాళ్లకు తెలియనక్కర్లేదు. అప్పుడే తీసుకునే మనిషి వస్తువును చూసి, తట్టి, "ఇది కాదు, అది" అనగలుగుతుంది. ఆ మాట అనగలిగే వీలు కల్పించడానికే ఇన్ని ఏర్పాట్లు. ఈ అధ్యాయంలో మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

కెనడాలోని టొరంటోలో 1998లో ఆన్ షెంక్ అనే క్రైస్తవ సన్యాసిని ఫర్నిచర్ బ్యాంక్ మొదలుపెట్టారు. శరణార్థులు, నిలువ నీడ లేని స్థితి నుంచి ఇప్పుడే ఒక ఇంట్లోకి చేరినవాళ్లు, హింస నుంచి పిల్లలతో బయటపడ్డ తల్లులు అక్కడికి వస్తారు. వాళ్లను సేవా సంస్థలు పంపుతాయి, వాళ్లు వచ్చి గోడౌన్లో కొట్లో తిరిగినట్టు తిరిగి తమకు నచ్చిన సోఫా, నచ్చిన బల్ల తామే ఎంచుకుంటారు. సామాను తీసుకెళ్లడానికి వచ్చిన బండి ఖర్చు ఇచ్చేవాళ్లే భరిస్తారు. ఈ రెండు పద్ధతులూ మనం కళ్లకద్దుకుని తీసుకోవలసినవి. బ్రిటన్‌లో ఊరూరా ఇలాంటి ధర్మసంస్థలు ఉన్నాయి. అక్కడ 1988 నాటి అగ్నిభద్రత నిబంధనల ప్రకారం మంటలకు తట్టుకుంటుందని చెప్పే చీటీ కుట్టి ఉండని సోఫాను ఆ సంస్థలు అమ్మకూడదు, అందుకే వాటిని తీసుకోనే తీసుకోవు. ఎంత కొత్తదైనా, ఎంత ఖరీదైనదైనా సరే. పేదవాళ్లకు ఇచ్చేదే కదా, ఏదైనా పరవాలేదన్న ఆలోచనకు అక్కడ చోటు లేదు.

మన దేశంలో ఈ విషయంలో అందరికీ దారి చూపింది గూంజ్. 1999లో ఢిల్లీలో అన్షు గుప్తా మొదలుపెట్టిన ఆ సంస్థ నగరాల్లోని పాత బట్టలను పల్లెలకు చేరుస్తుంది. పల్లెవాళ్లు తమ ఊరికి ఏం కావాలో తామే తేల్చుకుని, బావి పూడిక తీసో, దారి బాగుచేసుకునో, ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలు తీసుకుంటారు. 2015లో అన్షు గుప్తాకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. బట్టకు వర్తించినది బల్లకూ వర్తిస్తుంది. తీసుకునే చెయ్యి కిందుగా ఉండకూడదు.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ముందు సామాను పోగేయకండి. ఇదే నేను నొక్కి చెప్పేది. వాట్సాప్ గ్రూపులో "పాత ఫర్నిచర్ ఇవ్వదలచినవారు" అని పెట్టారంటే రెండు రోజుల్లో మీ గది నిండిపోతుంది, ఎవరికీ అక్కర్లేని వాటితో. ముందు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లండి. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, బడి హెడ్‌మాస్టరు, బస్తీలోని మహిళా సంఘం లీడరు, వీళ్లకు ఏ ఇంట్లో ఏం లేదో తెలుసు. వాళ్లు చెప్పిన ఇళ్లకు ఇద్దరు చొప్పున వెళ్లండి, అందులో ఒకరు ఆడవాళ్లయి ఉంటే మంచిది. చేతిలో కొలత టేపు, ఒక నోటు పుస్తకం. సామాను పోగేసే ప్రకటన ఆ పుస్తకంలో కొన్ని పేజీలు నిండాకే.

ఒక ఇంటి సంగతి చెబుతాను. పాలమూరు వైపు నుంచి వచ్చి మా కాలనీ వెనక అద్దెకుంటున్న కుటుంబం. పదడుగుల చదరపు గది, ఐదుగురు మనుషులు. మా దగ్గర మంచి టేకు మంచం ఉంది, వీళ్లకే ఇవ్వాలని మాలో ఒకరు అప్పటికే తీర్మానించుకున్నారు. మేం టేపు తీసి గోడ నుంచి గోడకు పెట్టాం. ఇంటావిడ టేపు వైపు చూడలేదు, గది మధ్యలో నిలబడి జానలతో గాలిలో ఏదో కొలుచుకుంది. "మంచం ఏసుకుంటే పిల్లలు యాడ పండాలె మేడం? ఒక బల్ల ఉంటే ఇప్పియ్యండి. పెద్దోడు పది చదువుతుండు, కూసోని రాసుకుంటడు" అంది. ఆవిడ లెక్కే సరైనది. ఆరడుగులకు మూడడుగుల మంచం ఒకరిని పడుకోబెట్టి ముగ్గురి చోటు తీసుకుంటుంది. నేల మీద చాపలు పరిస్తే ఐదుగురూ సర్దుకుంటారు, పొద్దున్నే చుట్టి మూల పెడితే గది మళ్లీ గదవుతుంది. మేం గోడకు ఆనించి మడిచేసుకునే రెండడుగుల బల్ల వెతికి ఇచ్చాం. ఆ టేకు మంచం వేరే వీధిలో పక్షవాతంతో ఉన్న ఒక పెద్దాయనకు వెళ్లింది, ఆయన కోడలే వచ్చి ఎంచుకుంది.

కొలిచేటప్పుడు గది ఒక్కటీ కొలిస్తే చాలదు. గుమ్మం వెడల్పు చూడండి, మెట్ల మలుపు చూడండి. స్టీలు బీరువా దాదాపు ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర పైచిలుకు లోతు ఉంటుంది. దాన్ని విప్పడం కుదరదు. టిడ్కో బ్లాకులు చాలావరకు జి ప్లస్ త్రీ. మూడో అంతస్తులో ఉన్న ఇంటికి బీరువా ఎక్కించాలంటే మెట్ల మలుపులో అది తిరగాలి. తిరగదని తెలిస్తే అంతదూరం మోసుకెళ్లి గేటు దగ్గరే వదిలేసి రావలసిన పని తప్పుతుంది. డబుల్ కాట్ అయితే పక్కపలకలు, తలదిక్కు విప్పేయొచ్చు కాబట్టి బాధలేదు. ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారు, అద్దె ఇల్లా, ఎప్పుడైనా ఖాళీ చేయాల్సి వస్తుందా, ఇవీ రాసుకోండి. ఏటా ఇల్లు మారే కుటుంబానికి బరువైన సామాను ఇస్తే ప్రతిసారీ బండి కిరాయి రూపంలో వాళ్ల నెత్తిన అప్పు పెట్టినట్టే.

ఇచ్చేవాళ్ల ఇంట్లో వస్తువును చూసేటప్పుడు మొహమాటం వదిలేయండి. కుర్చీలో కూర్చుని వెనక్కి వాలి చూడండి. మంచం మూల పట్టుకుని ఊపండి. బల్లను తిరగేసి అడుగు భాగం చూడండి. పైన ఎంత పాలిష్ ఉన్నా నిజం అడుగున ఉంటుంది. సన్నని పిండిలాంటి పొడి రాలుతుంటే లోపల పురుగు తొలుస్తోందని అర్థం. మట్టి గీతలుంటే చెద. స్క్రూడ్రైవరు మొనతో కాలు కింద గుచ్చితే మెత్తగా దిగిపోయిందా, ఆ వస్తువును ముట్టుకోకండి. అది మీ గోడౌన్లోని మిగతా చెక్కనూ తినేస్తుంది. నోవాపాన్ సామాను విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. అంచులు ఉబ్బి ఉంటే నీళ్లు తాగిందన్నమాట, ఇక నిలవదు. బాగున్నదైనా ఒకసారి విప్పితే స్క్రూలు మళ్లీ గట్టిగా పట్టవు. వాటిని విప్పకుండా ఉన్నదున్నట్టు తరలించగలిగితేనే తీసుకోండి. టేకు, రోజ్‌వుడ్డు, ఇనుము, పేము, నవారు మంచాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఇవన్నీ మరమ్మతుకు లొంగుతాయి. నవారు జీర్ణమైతే కొత్తది చుట్టించవచ్చు. పేము కుర్చీ చిరిగితే అల్లించవచ్చు. చూపు లేనివారికి శిక్షణ ఇచ్చే చోట్ల ఇది పాత విద్య, మీ ఊళ్లో అలాంటి సంస్థ ఉంటే పని వాళ్లకే ఇవ్వండి.

డ్రాయర్ల బల్లలు, డ్రెస్సింగ్ టేబుళ్ల గురించి ఒక హెచ్చరిక. 2016లో ఐకియా ఉత్తర అమెరికాలో కోట్ల సంఖ్యలో డ్రాయర్ల బల్లలను వెనక్కి పిలిచింది. పిల్లలు తెరిచిన డ్రాయర్లు పట్టుకుని ఎక్కితే అవి మీద పడి ప్రాణాలు పోయాయి. కొత్త సామానుకే అంత ప్రమాదం ఉంటే, ఎత్తుపల్లాల నేల మీద నిలబెట్టే పాత సామాను సంగతి చెప్పక్కర్లేదు. చిన్నపిల్లలున్న ఇంటికి ఎత్తైన వస్తువు ఏది ఇచ్చినా ఎల్ క్లాంపుతో గోడకు బిగించి రండి. గోడకు మేకు కొట్టడానికి ఇంటివాడు ఒప్పుకోకపోతే ఆ వస్తువు ఆ ఇంటికి ఇవ్వకండి.

పరుపుల దగ్గర నియమం మరీ గట్టిగా ఉండాలి. టార్చి వేసి కుట్ల వెంట చూడండి. ఆవగింజల్లాంటి నల్లని మచ్చలుంటే అవి నల్లుల గుర్తులు. నెల రోజులు గోడౌన్లో పడేస్తే చస్తాయిలే అనుకోవద్దు, పెద్ద నల్లి నెలల తరబడి రక్తం లేకుండా బతకగలదు. ఒక ఇంటికి నల్లులు చేర్చారంటే ఆ వరస మొత్తానికి చేర్చినట్టే, గోడలు కలిసిన ఇళ్లు కదా. ఫోము పరుపులో గుర్తు కనిపిస్తే నేరుగా వద్దనండి. దూది పరుపు అయితే దారి ఉంది. దూది తీసి ఎండబెట్టి, ఏకించి, కొత్త గుడ్డతో కుట్టిస్తే కొత్త పరుపే. దూదేకేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లకు నాలుగు రోజుల పని దొరుకుతుంది. మంచాల సంగతి మన అమ్మమ్మలకు బాగా తెలుసు: ఎండాకాలంలో వాకిట్లో వేసి, నవారు విప్పి, కీళ్లలో సలసల కాగే నీళ్లు పోసేవాళ్లు. టేకుకూ ఇనుముకూ ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ప్లైవుడ్డుకు మాత్రం చేయకండి, పొరలు విడిపోతాయి.

బీరువా విషయంలో రెండు జాగ్రత్తలు. ఇచ్చేవాళ్లు తమ చేత్తో ప్రతి అరా, లాకరూ తెరిచి ఖాళీగా ఉందని మీ ఎదుట చూపించాలి, మీరు ఆ ఖాళీ అరల ఫొటో తీసుకోవాలి, ఆ తర్వాతే బండి ఎక్కించాలి. ముసలివాళ్లు చీరల మడతల్లో, కాగితం పరిచిన అర కింద ఏం దాచారో పిల్లలకు తెలియదు. తర్వాత గొలుసు కనబడలేదన్న మాట వస్తే అది తీసుకున్న ఇంటి మీద పడుతుంది, అంతకంటే ఘోరం ఇంకోటి లేదు. తాళంచెవి లేని బీరువాకు తాళం కొత్తగా వేయించాకే పంపండి, కాగితాలు భద్రంగా పెట్టుకోవడానికే కదా వాళ్లు అడిగింది. రెండోది, వారం. చాలా ఇళ్లలో శుక్రవారం బీరువా బయటికి పంపరు, మంగళవారం కొందరికి పట్టింపు. తీసుకునేవాళ్లకూ మంచి రోజు చూసుకోవాలని ఉంటుంది. ఆదివారం పెట్టుకుంటే గొడవ లేదు, మోసే కుర్రాళ్లూ దొరుకుతారు. బీరువా దిగగానే ఆ ఇంటి ఇల్లాలు తలుపుకు పసుపు రాసి బొట్టు పెడుతుంటే మీరు బండి తొందరలో ఉన్నా సరే, ఆగండి. అలాగే చనిపోయినవాళ్లు వాడిన మంచం అయితే ఆ సంగతి దాచకుండా చెప్పండి. కొందరికి పట్టింపు ఉండదు, కొందరు భయపడతారు. ఇద్దరిదీ సరే.

బండి ఖర్చు ఎవరిది? టొరంటోవాళ్ల పద్ధతే పెట్టండి, ఇచ్చేవాళ్లదే. మొదట ముఖం చిట్లిస్తారు. "సామానూ ఇచ్చి డబ్బులూ ఇవ్వాలా?" అంటారు. ఆ సోఫాను ఇంట్లోంచి దించడానికి ఎలాగూ కూలీలకు ఇవ్వాల్సిందేనని చెప్పండి. టాటా ఏస్ వెనక భాగం సుమారు ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. ఒక్క ట్రిప్పులో విప్పిన మంచం, బీరువా, నాలుగు కుర్చీలు పడతాయి. రెండు మూడు ఇళ్ల సామాను కలిపి తెప్పిస్తే ఒక్కో ఇంటికి పెద్ద భారమూ కాదు. బండి ఖర్చు పెట్టుకున్నవాళ్లు పనికిరాని వస్తువు పంపరు, అది దీనివల్ల వచ్చే ఇంకో లాభం.

తీసుకునేవాళ్ల దగ్గర ఏమైనా తీసుకోవాలా? దీని మీద మా మధ్యే వాదన జరిగింది, ఇప్పటికీ తెగలేదు. ఉచితంగా ఇస్తే విలువ ఉండదన్నది ఒక వాదన. నాకు ఆ మాట నచ్చదు. బల్ల లేక నేల మీద వంగి రాసిన పిల్లవాడికి బల్ల విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ కొందరు తీసుకునేవాళ్లే "ఊరికే వద్దు" అంటారు, ఆ మాటను గౌరవించాలి. అందుకే ఒక డబ్బా పెట్టాం, పైన ధర రాయలేదు. వేయదలచినవాళ్లు వేస్తారు, మరమ్మతు సామానుకు అది వాడతాం. ఎవరు వేశారు, ఎవరు వేయలేదు అన్న లెక్క ఎవరూ చూడరు.

అన్నిటికంటే కష్టమైన అడుగు పెళ్లిళ్ల దగ్గర వస్తుంది. "అమ్మాయి పెళ్లి కుదిరింది, సారెలోకి మంచం, బీరువా కావాలి" అని తల్లులు వస్తారు. వాళ్లు అడుగుతున్నది తమ ఇంటికి కాదు, అవతలివాళ్లు కోరిన కట్నంలో ఒక భాగానికి. ఇస్తే ఆ కోరికకు మనం చేయూత ఇచ్చినట్టు, ఇవ్వకపోతే ఆ తల్లి వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతుంది. పెళ్లయ్యాక ఆ జంట కాపురం పెట్టిన ఇంటికి వెళ్లి, గది కొలిచి, వాళ్లిద్దరూ వచ్చి ఎంచుకునేలా చేయడం ఒక్కటే నాకు సమ్మతమైన దారి. సారెలోకి మాత్రం ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఇది ఆ తల్లికి చెప్పేటప్పుడు గొంతు పెగలదు. అయినా చెప్పాలి.

ఫొటోలు వద్దు. మంచం పట్టుకుని ఇచ్చినవాళ్లూ, చేతులు కట్టుకుని తీసుకున్నవాళ్లూ, మధ్యలో బ్యానరు, ఇలాంటి ఫొటో ఒక్కటి కూడా తీయకండి. ఆ ఇంటి పదో తరగతి పిల్లవాడు రేపు బడిలో ఎవరి ఫోన్లోనో దాన్ని చూస్తాడు. దాతలకు ఏదో ఒకటి చూపించాలనుకుంటే బాగుచేయకముందు, బాగుచేశాక బల్ల ఫొటో పంపండి. మనుషులు అక్కర్లేదు.

లెక్కల మాట. కాలనీ స్థాయిలో నడిచినన్నాళ్లూ ఒక పుస్తకం, ఇద్దరి సంతకాలు చాలు. డబ్బు చేతులు మారడం పెరిగితే రిజిస్టర్ చేయించుకోండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే సంఘం ఏర్పడుతుంది. తర్వాత పాన్ కార్డు, సంఘం పేరిట బ్యాంకు ఖాతా. దాతలు తరచూ అడిగేది పన్ను మినహాయింపు గురించి. 80జి గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చినా సరే, మినహాయింపు డబ్బుకే, వస్తువులకు ఉండదు. నగదు రూపంలో రెండు వేలు దాటినా వర్తించదు, చెక్కో, ఆన్‌లైన్ చెల్లింపో కావాలి. సోఫా విలువ ఇంత అని రసీదు రాసివ్వమని అడిగేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పేయండి.

పాత సామాన్లవాళ్లనూ, వడ్రంగులనూ పోటీదారులుగా చూడకండి. హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లి చూస్తే తెలుస్తుంది, మనం సంఘం అనుకోకముందు నుంచే పాత వస్తువుకు రెండో జీవితం ఇచ్చి బతుకుతున్నవాళ్లు ఎందరో. మీకు పనికిరాని ఇనుము, విరిగిన చెక్క వాళ్లకే తూకానికి అమ్మండి. మరమ్మతు వడ్రంగికి పూర్తి కూలి ఇవ్వండి, సేవ కదా అని తగ్గించమని అడగకండి. అతని ఇంట్లోనూ కుర్చీ లేకపోవచ్చు.

ఇచ్చిన నెలకు ఒక ఫోను చేయండి. వస్తువు నిలిచిందా, గదిలో ఇమిడిందా, కాలు ఊగుతోందా అడగండి. కుదరలేదంటే వెనక్కి తెచ్చి ఇంకోటి ఇవ్వండి, బండి ఖర్చు సంఘానిది. బల్ల ఇచ్చిన ఇంట్లో పిల్లవాడి చదువు అయిపోతే అది మళ్లీ మీ దగ్గరికి రావచ్చు. అలా వచ్చినదాన్ని పుస్తకంలో ఆ ఇంటివాళ్లనే దాతగా రాసి జమ చేసుకోండి, మిగతా దాతలకు రాసిన వరుసలోనే. మీ సంఘం ఫోను నంబరు ప్రతి వస్తువు అడుగునా చెరగని మార్కర్‌తో రాసి పంపడం మరచిపోకండి.